పాపం అంటే మనకొకటి, వాళ్లకొకటి: క్రైస్తవంలో పాపం, రక్షణ, శాఖల తేడాలు

ఈ వారం వీడియోలో గబగబా చెప్పుకున్న విషయాన్ని ఇక్కడ నింపాదిగా చదువుకుందాం. ఇది మన గ్రంథం కాదు, మన సంప్రదాయమూ కాదు. అయినా మన పాఠాల వరసలో ఎందుకు పెట్టామో ముందు చెబుతాను.

ఒక క్రైస్తవ మిత్రుడు "నువ్వు రక్షణ పొందావా?" అని అడిగాడనుకోండి. మనలో చాలామంది నోటికి వెంటనే వచ్చే జవాబు, "నేనేం పాపం చేశానని?" ఆ ప్రశ్న మనకు నిందలా తగులుతుంది. ఆ జవాబు ఆయనకు గర్వంలా వినిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడింది తెలుగే. ఇద్దరి మధ్యా నడిచింది పాపం అనే ఒక్క మాటే. కానీ ఆ మాటకు ఒక్కొక్కరి మనసులో ఉన్న అర్థం వేరు.

మీ టీమ్‌లో, మీ అపార్ట్‌మెంట్‌లో, కొందరికైతే సొంత చుట్టాల్లోనే క్రైస్తవులు ఉంటారు. పెళ్లి మాటల దగ్గరో, ఆస్పత్రి మంచం పక్కనో ఈ ప్రస్తావన వస్తుంది. తెలియక విసిరిన ఒక్క మాటతో ఏళ్ల స్నేహం చెడుతుంది. అలాంటప్పుడు మనవాళ్లు ఎక్కువగా రెండు దారులు పడతారు. ఒకటి ఎగతాళి: "ఆదివారం ఒప్పేసుకుంటారు, సోమవారం మళ్లీ మొదలెడతారు." రెండోది దాటవేత: "అన్ని మతాలూ చెప్పేది ఒకటేలే." మొదటిది మొరటుగా ఉంటుంది, రెండోది మర్యాదగా ఉంటుంది. అవతలి మనిషి ఏం నమ్ముతున్నాడో వినకపోవడం మాత్రం రెండింట్లోనూ ఉంది.

మన ఆచార్యుల పద్ధతి ఇది కాదండీ. శంకరులు, రామానుజులు, మధ్వులు ఎవరి భాష్యం తీసినా ముందు పూర్వపక్షం కనిపిస్తుంది. అవతలి వాదాన్ని దాని బలంతో సహా చెప్పాకే తమ సిద్ధాంతం చెబుతారు. ఈ పాఠంలో మనం చేయబోయేది కూడా అదే. ముందు సరిగ్గా విందాం. ఒప్పుకోవడమా లేదా అన్నది తర్వాత సంగతి.

మన ఇంట్లో పాపం

మనం చిన్నప్పటి నుంచి విన్న పాపం ఒక పని. అబద్ధమాడితే పాపం. అన్నం పారేస్తే పాపం. మూగజీవాన్ని కొడితే పాపం. ధర్మశాస్త్రాలు మహాపాతకాలు, ఉపపాతకాలు అని వర్గాలు చేసి, ఒక్కోదానికి ప్రాయశ్చిత్తం కూడా చెప్పాయి. దీనికి ఎదురుగా పుణ్యం అని ఇంకో పద్దు ఉంటుంది. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని కర్మను విడదీసి చెప్పుకుంటాం. మొత్తానికి ఇదొక ఖాతా. చేసినవాడిదే బాధ్యత, అనుభవించేదీ వాడే.

ఇందులో ఒక మెలిక ఉంది. మోక్షం కావాలంటే పాపం పోయి పుణ్యం పెరిగితే చాలదు. పుణ్యం కూడా బంధమే. స్వర్గానికి వెళ్లినా పుణ్యం ఖర్చయ్యాక తిరిగి రావాల్సిందే. అసలు ముడి అంతకంటే లోపల ఉంది. అద్వైతులు దాన్ని అవిద్య అంటారు. మనం ఎవరమో మనకు తెలియకపోవడం. అంటే మన శాస్త్రంలోనూ చేసే తప్పులు వేరు, ఆ తప్పులు పుట్టే మూలస్థితి వేరు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి. క్రైస్తవుల మాట అర్థం కావడానికి ఇదే తలుపు.

వాళ్ల ఇంట్లో పాపం

క్రైస్తవుల దగ్గరా పాపపు పనులు ఉన్నాయి. దొంగతనం, వ్యభిచారం, హత్య, అబద్ధసాక్ష్యం, ఇవన్నీ ఉన్నాయి. కానీ వాళ్ల వేదాంతంలో పాపం ముందుగా ఒక స్థితి. దేవుడితో తెగిపోయిన బంధం. పనులు ఆ స్థితిలోంచి వచ్చేవి, జ్వరానికి ఒళ్లు కాలినట్టు.

కొత్త నిబంధన గ్రీకు భాషలో ఉంది. అందులో పాపానికి ఎక్కువగా వాడిన మాట హమార్తియా. ఆ మాట మూలంలో గురి తప్పడం అనే అర్థం ఉంది, బాణం లక్ష్యానికి తగలకుండా పక్కకు పోవడం లాంటిది. మనిషిని దేవుడు తనతో ఉండటానికి చేశాడు, మనిషి ఆ గురి తప్పాడు. బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలోని ఆదాము, హవ్వల కథ ఈ సంగతే చెబుతుంది. వద్దన్న పండు తిన్నారు, తర్వాత దేవుడి అడుగుల చప్పుడు విని చెట్ల చాటున దాక్కున్నారు. చదివేటప్పుడు పండు దగ్గర ఆగిపోకండి. ఆ దాక్కోవడం దగ్గర ఆగండి. నిన్నటి దాకా కలిసి తిరిగినవాడి నుంచి ఇవాళ దాక్కోవాల్సి రావడం, క్రైస్తవం చెప్పే పాపం అదే.

ఈ ఆలోచనకు పశ్చిమ దేశాల్లో గట్టి రూపం ఇచ్చినవాడు అగస్టీన్ (354–430), ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్. తన ఆత్మకథలో కుర్రతనపు దొంగతనం ఒకటి చెబుతాడు. స్నేహితులతో కలిసి రాత్రిపూట పక్కవాళ్ల చెట్టు పళ్లు దులిపాడు. ఆకలి లేదు. అంతకంటే మంచి పళ్లు ఇంట్లోనే ఉన్నాయి. చాలావరకు పందులకు పారేశారు. మరి ఎందుకు చేసినట్టు? తప్పు చేయడంలోనే ఒక రుచి ఉంది కాబట్టి, అంటాడు. పళ్ల ఖరీదు కాదు ఆయన బాధ. ఆ రుచి నాలో ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఆయన ప్రశ్న.

ఆ కాలంలోనే పెలాజియస్ అనే సన్యాసి దీనికి ఎదురు వాదించాడు. ఆదాము తప్పు ఆదాముదే, ప్రతి బిడ్డా శుభ్రంగానే పుడుతుంది, గట్టిగా అనుకుంటే మనిషి మంచిగా బతకగలడు అన్నాడు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి పెలాజియస్ మాటే సబబుగా అనిపిస్తుంది! కానీ 418 లో కార్తేజ్ సభ ఆ వాదాన్ని తప్పు అని తీర్మానించింది. మనిషి తన ప్రయత్నంతోనే బాగుపడలేడు, దేవుడి కృప ముందు రావాలి అన్నది పశ్చిమ క్రైస్తవానికి పునాది అయింది.

ఇది మనకు పూర్తిగా పరాయి మాట అనుకోకండి. భగవద్గీత మూడో అధ్యాయం 36వ శ్లోకంలో అర్జునుడి ప్రశ్న గుర్తుందా? ఇష్టం లేకపోయినా ఎవరో బలవంతాన తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు అని అడుగుతాడు. కృష్ణుడు కామాన్నీ క్రోధాన్నీ చూపిస్తాడు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు గోడు కూడా ఇదే. చేయాలనుకున్న మంచి చేయలేకపోతున్నాను, వద్దనుకున్న చెడే చేస్తున్నాను అని. ప్రశ్న ఒకటే. జవాబులు మాత్రం వేరు దారుల్లో వెళ్లాయి.

తెలుగులో మనం "అయ్యో పాపం" అంటాం కదా. జ్వరంతో పడుకున్నవాణ్ని చూసి "పాపం, రెండు రోజుల్నించి లేవట్లేదు" అంటాం. అక్కడ పాపం అంటే నేరం కాదు, జాలిపడాల్సిన అవస్థ. క్రైస్తవుడు "మనమందరం పాపులం" అన్నప్పుడు, అన్నవాడికి తన మతం సరిగ్గా తెలిసి ఉంటే, ఆ మాటలో తానూ ఉంటాడు. రోగి ఇంకో రోగితో "మనకు వైద్యుడు కావాలి" అన్నట్టు ఉంటుంది అది. దాన్ని "నువ్వు చెడ్డవాడివి" అని మనం వింటాం. కొందరు బోధకులు నిజంగా అలాగే అంటారు, అది వేరే సంగతి. మనకు కోపం వచ్చేదీ అక్కడే.

రక్షణ: జీతం కాదు, దానం

పాపం ఒక ఖాతా అయితే పుణ్యంతో సర్దుకోవచ్చు. పాపం తెగిన బంధం అయితే? ఎన్ని దానధర్మాలు చేసినా బంధం దానంతట అది అతకదు. అవతలివాడు చేయి చాచాలి. క్రైస్తవంలో రక్షణ అంటే ఇదే. దేవుడే యేసుగా దిగివచ్చి, సిలువమీద ప్రాణం ఇచ్చి, మూడో రోజు లేచి ఆ బంధాన్ని మళ్లీ కలిపాడు అన్నది వాళ్ల విశ్వాసం. మనిషి సంపాదించుకునేది కాదు కాబట్టి దాన్ని కృప అంటారు.

ఇక్కడ మనవాళ్లకు తప్పకుండా వచ్చే ప్రశ్న: ఒకరి పాపం ఇంకొకరు ఎలా మోస్తారు? మంచి ప్రశ్నే. క్రైస్తవులు దీనికి ఒక్క జవాబే ఇవ్వలేదు. తొలి శతాబ్దాల్లో ఎక్కువగా వినిపించింది విజయం అనే మాట, క్రీస్తు మరణంలోకి వెళ్లి మరణాన్నే ఓడించాడని. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్ ఇంకోలా చెప్పాడు. దేవుడి గౌరవానికి జరిగిన లోటు మనిషి తీర్చాలి, తీర్చే శక్తి దేవుడికే ఉంది, అందుకే దేవుడు మనిషి అయ్యాడని. 16వ శతాబ్దపు సంస్కర్తలు న్యాయస్థానం భాషలో చెప్పారు, మనకు పడాల్సిన శిక్ష ఆయన తనమీద వేసుకున్నాడని. మన ఊళ్లలో మైకుల్లో వినిపించేది ఎక్కువగా ఈ మూడోదే. అందుకే క్రైస్తవం మొత్తం ఇంతే అనుకుంటాం.

మన దగ్గర ఇలాంటిది అసలు లేదా అంటే, భగీరథుణ్ని తలుచుకోండి. సగరుడి కొడుకులు 60,000 మంది బూడిదయ్యారు. వాళ్లంతట వాళ్లు ఏమీ చేసుకోలేరు. తర్వాతి తరాలవాడు తపస్సు చేసి గంగను దించితే వాళ్లకు సద్గతి కలిగింది. ఒకరి శ్రమ ఇంకొకరిని ఎత్తడం మనకు వింత కాదన్నమాట. తేడా ఎక్కడంటే, క్రైస్తవులు అది చరిత్రలో ఒకే ఒక్కసారి, అందరి కోసం జరిగిందంటారు.

మరి ఇన్ని శాఖలు ఎందుకు?

రోగం ఉందని, వైద్యుడు క్రీస్తే అని అన్ని శాఖలూ ఒప్పుకుంటాయి. మందు మనిషిదాకా ఎలా చేరుతుంది, అందులో మనిషి చేయాల్సింది ఎంత, ఈ రెండు చోట్లే పెద్ద చీలికలు వచ్చాయి. ఈ రెండు ప్రశ్నలు చేతిలో ఉంచుకుంటే శాఖల పేర్లు చూసి తికమకపడరు.

ఆర్థడాక్స్ సభలు: గ్రీసు, రష్యా, సెర్బియా వైపు ఎక్కువ. రోమ్‌తో వీళ్ల తెగతెంపులకు 1054 ను గుర్తుగా చెబుతారు. ఆదాము నేరం మనకు వారసత్వంగా వచ్చిందని వీళ్లు అనరు. ఆదాము వల్ల మరణం, బలహీనత వచ్చాయి అంటారు. వీళ్లకు పాపం ముఖ్యంగా జబ్బు, చర్చి ఆస్పత్రి. రక్షణ అంటే శిక్ష తప్పించుకోవడం దగ్గర ఆగదు. మనిషి దేవుడి జీవంలో పాలుపంచుకుంటూ దైవత్వంలోకి ఎదగడం. దీన్ని థియోసిస్ అంటారు. మనిషి దేవుడిలో కలిసిపోడు, వేరుగా ఉంటూనే ఆ వెలుగుతో నిండుతాడు. విశిష్టాద్వైతం చదివినవాళ్లకు ఈ మాట కొంచెం పరిచయంగా అనిపిస్తుంది.

క్యాథలిక్ సభ: విజయవాడ గుణదల మేరీమాత గుడి చూసినవాళ్లకు ఈ శాఖ తెలుసు. కృప ముఖ్యంగా ఏడు సంస్కారాల ద్వారా అందుతుందంటారు. మొదటిది జ్ఞానస్నానం, పసిబిడ్డలకూ ఇస్తారు. జన్మపాపం దాంతో పోతుంది. తర్వాత చేసిన ఘోరపాపాలకు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర ఒప్పుకోవడం. "ఒప్పేసుకుంటే అయిపోయింది" అనే ఎగతాళి ఇక్కడే పుట్టింది. కానీ వాళ్ల నియమం అంత సులువు కాదు. నిజమైన పశ్చాత్తాపం ఉండాలి. మళ్లీ చేయనన్న నిశ్చయం ఉండాలి. దొంగిలించింది ఉంటే వీలైనంతవరకు తిరిగి ఇవ్వాలి. గురువు చెప్పిన ప్రాయశ్చిత్తం చేయాలి. పాపం క్షమించబడి, ఇంకా శుద్ధి కావాల్సి ఉండగా చనిపోయినవాళ్లకు ఉత్తరించు స్థలం అనే శుద్ధి దశ ఉంటుందని నమ్ముతారు.

లూథరన్లు: 1517 అక్టోబర్ 31న జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ 95 వాదాలు బయటపెట్టాడు. అప్పట్లో డబ్బు తీసుకుని పాపశిక్ష తగ్గింపు పత్రాలు ఇచ్చేవారు, రోమ్‌లో సెయింట్ పీటర్స్ నిర్మాణానికి ఆ సొమ్ములో కొంత వెళ్లేది. లూథర్ కోపం దాంతో మొదలైంది. కానీ ఆయన అసలు బాధ ఇంకా లోపలిది. సన్యాసిగా ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోళ్లు అన్నీ చేసినా, దేవుడు నన్ను అంగీకరించాడా అన్న భయం పోలేదు. రోమా పత్రిక చదువుతూ పట్టుకున్నది ఒకటే: విశ్వాసం ద్వారానే మనిషి నీతిమంతుడిగా తీర్చబడతాడు. మంచిపనులు చెట్టుకు కాసే పళ్లే తప్ప చెట్టును బతికించే వేరు కాదు. 1842 లో గుంటూరు వచ్చిన హేయర్ అనే మిషనరీతో ఈ శాఖ తెలుగునేలకు చేరింది.

దీనికి క్యాథలిక్కుల సమాధానం ట్రెంట్ సభలో (1545–1563) వచ్చింది. కృపే ముందు, నిజమే, కానీ మనిషి దానికి సహకరించాలి, ఆ కృపతో మనిషి లోపల నిజంగా మారాలి అన్నారు. క్రియలు లేని విశ్వాసం మృతం అన్న యాకోబు పత్రిక వాళ్లకు ఆధారం. సుమారు 450 ఏళ్లు సాగిన ఈ తగవు మీద 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య, క్యాథలిక్ సభ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మూల విషయాల్లో ఒకరినొకరు ఖండించుకోవాల్సిన పని లేదన్నారు. 2006 లో మెథడిస్టులు, 2017 లో సంస్కరణ సభలు కూడా దాంతో కలిశాయి.

కాల్విన్ దారి, వెస్లీ దారి: జెనీవాలో కాల్విన్ ఇంకో అడుగు వేశాడు. రక్షణ పూర్తిగా దేవుడి పనే అయితే, ఎవరికి ఇవ్వాలన్నదీ ఆయన ముందే నిర్ణయించాడు అన్నాడు. ప్రెస్బిటేరియన్లు ఈ దారివాళ్లు. హాలండ్‌లో ఆర్మీనియస్ దీన్ని ప్రశ్నించాడు. 1618–19 లో డోర్ట్ సభ కాల్విన్ పక్షాన నిలిచింది. కానీ ఆ ప్రశ్న చావలేదు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జాన్ వెస్లీ, కృప అందరికీ ముందే కొంత అందుతుంది, అవునో కాదో చెప్పే స్వేచ్ఛ మనిషికి ఉంది, పొందినదాన్ని పోగొట్టుకోవచ్చు కూడా అన్నాడు. ఆయన అనుచరులు మెథడిస్టులు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టింది ఈ వెస్లియన్ మిషన్‌వాళ్లే. ఇప్పుడది సీఎస్ఐ కింద ఉంది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ ధారలు కలిసి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడిన సభ అది.

బాప్టిస్టులు: వీళ్ల మాట సూటిగా ఉంటుంది. విశ్వసించాలంటే తెలివి వచ్చి ఉండాలి, కాబట్టి పసిబిడ్డలకు బాప్తిస్మం లేదు. నమ్మినవాడు నీళ్లలో పూర్తిగా మునగాలి. ఆ మునక రక్షణ తేదు, లోపల జరిగినదాన్ని బయటికి చూపిస్తుంది. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఈ శాఖవాళ్లే.

పెంతెకొస్తు సభలు: 1906 లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, విలియం సీమోర్ అనే నల్లజాతి బోధకుడి కూటాలతో ఈ ఉద్యమం ఊపందుకుంది. రక్షణ తర్వాత పరిశుద్ధాత్మ అనుభవం ఇంకొకటి ఉంటుందంటారు. తెలియని భాషల్లో పలకడం, స్వస్థత ప్రార్థనలు వీళ్ల గుర్తులు. మన నగరాల్లో పెద్ద షెడ్లలో జరిగే ఆరాధనలు చాలావరకు ఈ ధారకు దగ్గరవి.

ఒక చిన్న చిట్కా. తెలుగు క్రైస్తవుల మాటల్లోనే శాఖ పట్టుకోవచ్చు. జ్ఞానస్నానం, దివ్యబలిపూజ, పవిత్రాత్మ అంటే క్యాథలిక్కులు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, పరిశుద్ధాత్మ, మారుమనస్సు అంటే ప్రొటెస్టంట్లు. ఇది తెలిస్తే క్యాథలిక్ సహోద్యోగిని "మీ పాస్టర్ గారు" అని, బాప్టిస్టును "మేరీమాత పండగకు వెళ్లలేదా" అని అడిగే ఇబ్బంది తప్పుతుంది.

కోతిపిల్ల, పిల్లికూన

మనిషి ప్రయత్నం ఎంత, దేవుడి కృప ఎంత? ఈ తగవు మన ఇంట్లోనూ జరిగింది. రామానుజుల తర్వాత శ్రీవైష్ణవులు దీని మీదే రెండు తీరులుగా ఆలోచించారు. వేదాంత దేశికుల దారిలో వడగలైవారు మర్కట కిశోర న్యాయం చెబుతారు. కోతి గెంతుతుంటే పిల్ల తల్లి పొట్టను తన చేతులతో పట్టుకుని ఉండాలి. మోసేది తల్లే, పట్టు మాత్రం పిల్లది. పిళ్లై లోకాచార్యుల దారిలో తెంగలైవారు మార్జాల కిశోర న్యాయం చెబుతారు. పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుంది. కూన చేయాల్సింది ఏమీ లేదు, వద్దని పెనుగులాడకపోతే చాలు.

క్యాథలిక్కులు, వెస్లీ అనుచరులు కోతిపిల్ల వైపు మొగ్గుతారు. లూథర్, కాల్విన్ పిల్లికూన వైపు. అచ్చంగా సరిపోదు, కానీ విషయం పట్టుకోవడానికి పనికొస్తుంది. చిన్నప్పుడు మనందరం విన్న గజేంద్రమోక్షం కూడా ఇక్కడే ఉంది. ఏనుగు మొసలితో ఎన్నో ఏళ్లు పోరాడింది. తన బలం అయిపోయింది అని తెలిశాకే పిలిచింది. విష్ణువు వచ్చింది ఆ పోరాటానికి కూలి ఇవ్వడానికి కాదు, ఆ పిలుపు విని. ఈ కథకు కళ్లు చెమర్చినవాళ్లకు, లూథర్ గదిలో ఏం జరిగిందో కొంతైనా అర్థమవుతుంది.

నిజంగా తేడా ఉన్నచోట్లు

దగ్గరితనం చూశాం. ఇప్పుడు "అన్నీ ఒకటే" అని ఎందుకు అనకూడదో చూద్దాం.

ఒకటి, మూలం. మన బంధానికి కారణం మన అనాది కర్మ, మన అవిద్య. వేరే పూర్వీకుడెవరో చేసినదాని ఫలితం మానవజాతి మొత్తం మీద పడింది అన్నది మన కర్మ సిద్ధాంతంలో ఇమడదు.

రెండు, సమయం. క్రైస్తవంలో జన్మ ఒక్కటే. అందుకే వాళ్ల పిలుపులో అంత తొందర ఉంటుంది. "ఈ రోజే నిర్ణయించుకో" అనడం వెనక ఉన్నది ఆ ఒక్క జన్మ లెక్క. మనకు ఎన్నో జన్మలు. మన నరకాలు కూడా సాధారణంగా శిక్షాకాలం ఉన్నవే. మధ్వ సంప్రదాయం మాత్రం కొందరు జీవులకు తిరిగిరాని అంధతమస్సు ఉందంటుంది, అది వేరే చర్చ.

మూడు, గమ్యం. దేవుడూ జీవుడూ ఎప్పటికీ వేరే, సృష్టికర్త సృష్టి ఒకటి కావు, అన్నది క్రైస్తవంలో కదలని రేఖ. అద్వైతం చెప్పే బ్రహ్మైక్యానికి అక్కడ చోటు లేదు.

నాలుగు, అన్నిటికంటే కష్టమైనది. క్రీస్తు ఒక్కడే రక్షకుడు అన్న మాట. ఇష్టదైవం అలవాటున్న మనకు ఇది గుచ్చుకుంటుంది. ఇందులోనూ అందరూ ఒకేలా మాట్లాడరు. రెండో వాటికన్ సభ (1962–65) 1964 లో, తమ తప్పేమీ లేకుండా క్రీస్తును ఎరగనివాళ్లు నిజాయితీగా దేవుణ్ని వెదికితే వాళ్లకూ రక్షణ సాధ్యమే అంది. 1965 లో హిందూమతాన్ని పేరుపెట్టి ప్రస్తావించి, ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని దేన్నీ తాము తిరస్కరించమని చెప్పింది. అయినా క్రీస్తే మార్గమన్న మాట వదులుకోలేదు. ఎవాంజెలికల్, పెంతెకొస్తు సభల్లో చాలావరకు ఇంకా గట్టిగా ఉంటాయి.

మరి ఎలా మాట్లాడాలి?

ఎవరైనా రక్షణ గురించి అడిగితే కోపం తెచ్చుకోకుండా, "మీరు పాపం అంటే ఏ అర్థంలో అంటున్నారు? మీ సభలో రక్షణ ఎలా చెబుతారు?" అని అడిగి చూడండి. సగం వేడి అక్కడే చల్లారుతుంది. విన్నాక మన మాట కూడా స్పష్టంగా చెప్పండి: "నాకు నా గురువులు చూపిన దారి ఉంది, శరణాగతి మాకూ ఉంది, నేను అందులోనే ఉంటాను." గీత 18వ అధ్యాయం 66వ శ్లోకంలో భగవంతుడే భారం తీసుకుంటానన్న సంగతి మీకు అర్థమై ఉంటే, ఈ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచాల్సిన అవసరం రాదు.

ఒత్తిడి చేస్తే, భయపెడితే, మన దేవతలను తిడితే? అది సంభాషణ కాదు. నమస్కారం పెట్టి లేచి రావచ్చు. అదే నియమం మనకూ వర్తిస్తుంది. వాళ్ల సిలువ మీద జోకు వేసి, మన విగ్రహానికి గౌరవం అడగడం ధర్మం అనిపించుకోదు.

ఈ వారం సాధన

గీత మూడో అధ్యాయం 36 నుంచి 43 దాకా శ్లోకాలు అర్థంతో చదవండి. చదివాక ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను చేసిన తప్పులను లెక్కపెడుతున్నానా, ఆ తప్పులు పుట్టే చోటును చూస్తున్నానా? మొదటిది చేస్తే ప్రాయశ్చిత్తం దాకా వెళ్తాం. రెండోది చేస్తే సాధన మొదలవుతుంది. ఈ తేడా మన శాస్త్రంలో మొదటినుంచీ ఉంది. అవతలివాళ్ల మాట శ్రద్ధగా వింటే, మనం మరిచిపోయిన మన మాట కూడా ఒక్కోసారి ఇలా గుర్తుకొస్తుంది.

వచ్చే పాఠంలో శరణాగతి ఆరు అంగాల గురించి చూద్దాం. అందాకా సెలవు.

శ్రీకృష్ణార్పణమస్తు.